క్రూజ్ షిప్‌లో ఫోన్, ఇంటికొచ్చాక బిల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ లబ్బీపేటలో మాదొక చిన్న ట్రావెల్ ఆఫీసు. సింగపూర్, మలేషియా టూరుకు మూడు నాలుగు రోజుల క్రూజ్ కూడా కలపమని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. వీసా గురించి ఒక ప్రశ్న అడిగితే ఫోన్ గురించి నాలుగు అడుగుతారు. అడగాల్సిందే. వీసా పని మేం చూసుకుంటాం. షిప్‌లో ఫోన్ సంగతి మాత్రం ఎవరిది వాళ్ళే చూసుకోవాలి.

చదివే ఓపిక లేనివాళ్ళకు ముందే చెప్పేస్తాను. షిప్ ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టండి. నెట్ కావాలంటే షిప్ వైఫై కొనుక్కోండి. రేవులో దిగాకే ఫ్లైట్ మోడ్ తీయండి. మిగతాదంతా ఎందుకో తెలుసుకోవాలనుకునేవాళ్ళకు.

నడిసముద్రంలో టవర్ ఎక్కడుంటుందండీ? సిగ్నల్ ఎలా వస్తుంది?

టవర్ షిప్‌లోనే ఉంటుంది. పెద్ద క్రూజ్ షిప్పుల్లో డెక్కుల మీద, వరండాల్లో చిన్న చిన్న యాంటెన్నాలు బిగించి ఉంటాయి. మీ ఫోన్ వాటికి కనెక్ట్ అవుతుంది. అక్కడి నుంచి కాల్ శాటిలైట్‌కు, శాటిలైట్ నుంచి ఒడ్డున ఉన్న స్టేషన్‌కు, అక్కడి నుంచి మన ఆపరేటర్‌కు చేరుతుంది. పాతకాలం శాటిలైట్లు భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అంత దూరం పోయి రావాలి కాబట్టే మాట ఆగి ఆగి వినిపిస్తుంది, ఖర్చూ ఎక్కువ.

ఈ నెట్‌వర్క్‌ను నడిపేది సింగపూర్ కంపెనీ కాదు, మలేషియా కంపెనీ కాదు. సముద్రం మీద సర్వీసు ఇవ్వడానికే ఉన్న వేరే కంపెనీలు. ఫోన్ పైభాగంలో ఆపరేటర్ పేరు ఉండాల్సిన చోట ‘సెల్యులర్ ఎట్ సీ’ లాంటి పేరో, 901తో మొదలయ్యే అంకెలో కనిపిస్తాయి. ఇండియాకు 404, 405 ఉన్నట్టు ప్రతి దేశానికీ మొబైల్ కోడ్ ఉంటుంది. 901 ఏ దేశానిదీ కాదు, దేశాలతో సంబంధం లేని నెట్‌వర్కులకు ఇచ్చిన కోడ్. మీ ఫోన్‌లో 901 కనిపించిందంటే మీటర్ తిరగడం మొదలైందని అర్థం.

సింగపూర్ రోమింగ్ ప్యాక్ వేయించుకున్నాను. షిప్ కూడా సింగపూర్ నుంచే కదా బయల్దేరేది. సరిపోదా?

సరిపోదండి. మా దగ్గరికొచ్చే వాళ్ళలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అంత నమ్మకంగా ఎందుకు చెప్తున్నానంటే, మొదట పొరబడింది నేనే.

2018లో తొలిసారి ఒక గ్రూపును క్రూజ్‌కు తీసుకెళ్ళాను. నాది పోస్ట్‌పెయిడ్. సింగపూర్, మలేషియా రెండూ ఉన్న ప్యాక్ తీసుకున్నాను. రాత్రి పదకొండింటికి ఫోన్ ఛార్జింగ్ పెట్టి, క్యాబిన్‌లో పడుకున్నాను. తెల్లవారి లేచి చూస్తే ఫోన్ పైన 901, పక్కన ఇంకో రెండంకెలు. మలేషియా నెట్‌వర్క్ అయ్యుంటుందిలే అనుకుని టిఫిన్‌కు వెళ్ళిపోయాను. చట్నీ కోసం వెతకడంలో ఆ అంకెల సంగతే మర్చిపోయాను.

ఊరొచ్చిన మూడు వారాలకు బిల్లు వచ్చింది. ప్యాక్ డబ్బులు కాకుండా పద్నాలుగు వేల చిల్లర. బిల్లు వివరాలు తీస్తే ఆ ఒక్క రాత్రికే ఇరవై ఎనిమిది లైన్లు ఉన్నాయి. 11:20, 11:35, 11:50... అలా తెల్లవారి ఆరు దాకా. పడుకునే ముందు మెరీనా బేలో తీసిన ఫోటోలను నా ఫోన్ పదిహేను నిమిషాలకోసారి బ్యాకప్ పంపుతూ కూర్చుంది. నేను నిద్రపోయాను, అది నిద్రపోలేదు.

ఆ కాగితాలు పట్టుకుని షోరూమ్‌కు వెళ్తే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ స్క్రీన్ నావైపు తిప్పి, ‘సార్, ఇది సింగపూర్ కాదండీ, షిప్పు’ అంది. ఆపరేటర్ పేరెందుకులెండి, ఎవరి ప్యాకైనా సూత్రం ఇదే. ప్యాక్ దేశానికి ఇస్తారు. షిప్ దేశం కాదు.

ఇప్పుడు కొన్ని కంపెనీలు సముద్రం మీద వాడకానికి వేరే ప్యాకులు అమ్ముతున్నాయి. మీ ప్యాక్ వివరాల్లో దేశాల పేర్లతో పాటు షిప్ నెట్‌వర్క్ పేరు కూడా విడిగా రాసి ఉంటేనే అది షిప్‌లో చెల్లుతుంది. ‘వందకు పైగా దేశాలు’ అన్న మాట చూసి సముద్రం కూడా ఉంటుందిలే అనుకోవద్దు.

ప్యాక్ లేకుండా వాడితే ఎంత పడుతుంది?

ఆపరేటర్‌ను బట్టి, షిప్ నెట్‌వర్క్‌ను బట్టి మారుతుంది. బయల్దేరే ముందు మీ ఆపరేటర్ యాప్‌లో ఆ రేటు చూసుకోండి. లెక్క ఎలా పెరుగుతుందో మాత్రం చెప్తాను. ఎంబీకి 500 రూపాయలు అనుకుందాం. ఫోన్‌లో తీసిన మామూలు ఫోటో ఒకటి మూడు ఎంబీలుంటుంది. ఒక్క ఫోటో బ్యాకప్‌కు పోతే 1,500. పెళ్ళి గ్రూపులో ఎవరో పెట్టిన పది ఎంబీల వీడియో దానంతటదే డౌన్‌లోడ్ అయితే 5,000. మీరు దాన్ని తెరిచి చూడనక్కర్లేదు కూడా.

డేటా రోమింగ్ ఆపేస్తే చాలదా? ఫ్లైట్ మోడ్ దేనికి?

డేటా రోమింగ్ ఆపితే డేటా మాత్రమే ఆగుతుంది. కాల్స్ ఆగవు. రోమింగ్‌లో ఇన్‌కమింగ్ కాల్ ఎత్తినా నిమిషానికి డబ్బులే. ఇక్కడ ఇన్‌కమింగ్ ఫ్రీకి అలవాటు పడిపోయాం కాబట్టి ఈ సంగతి గుర్తుండదు.

అదే టూరులో గుంటూరు నుంచి మా బావగారు కూడా వచ్చారు. డేటా ఆపేసి, పైగా నాకే జాగ్రత్తలు చెప్పారు. రెండో రోజు మధ్యాహ్నం డెక్ మీద ఉండగా చీటీల ఆయన ఫోన్ చేశాడు. ‘ఆఁ, సముద్రం మధ్యలో ఉన్నానోయ్, నీళ్ళు తప్ప ఏం కనపడట్లా’ అని మొదలుపెట్టి తొమ్మిది నిమిషాలు మాట్లాడారు. ఆ చీటీ పాట ఎంతకు పోయిందో నాకు గుర్తులేదు గానీ, తొమ్మిది నిమిషాలకు ఎంత పడిందో ఆయన ఇప్పటికీ చెప్తారు.

కాల్ డైవర్ట్ కూడా చూసుకోవాలి. మీ ఫోన్ ఎత్తకపోతే ఆఫీసు నంబరుకో ఇంకో నంబరుకో కాల్ వెళ్ళేలా పెట్టుకుని ఉంటే, రోమింగ్‌లో ఆ కాల్ మీ దాకా వచ్చి మళ్ళీ ఇండియాకు తిరిగి వెళ్తుంది. రెండు వైపులా ఛార్జీ పడే అవకాశం ఉంది. బయల్దేరే ముందే కాల్ సెట్టింగ్స్‌లో డైవర్ట్‌లన్నీ తీసేయండి.

ఫ్లైట్ మోడ్ పెడితే ఈ తలనొప్పులేవీ ఉండవు. కెమెరా పనిచేస్తుంది, జీపీఎస్ పనిచేస్తుంది, వైఫై విడిగా ఆన్ చేసుకోవచ్చు.

ఫ్లైట్ మోడ్ సరిగ్గా ఎప్పుడు పెట్టాలి?

షిప్‌లోకి అడుగుపెట్టగానే. సాధారణంగా ఒడ్డుకు 12 నాటికల్ మైళ్ళ లోపు షిప్ సొంత నెట్‌వర్క్‌ను ఆపి ఉంచుతారు. అంటే దాదాపు 22 కిలోమీటర్లు, బెంజ్ సర్కిల్ నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టు దాటి వెళ్ళినంత. అంతదాకా ఒడ్డు సిగ్నల్ కాసేపు అందుతుంది. అందుకే కొందరు, ‘షిప్ కదిలాక, సిగ్నల్ పోయాక పెడతాంలెండి’ అంటారు. సిగ్నల్ పోయిన క్షణం మీకు తెలియదు. అప్పటికి మీరు డిన్నర్‌లోనో డాన్సు ప్రోగ్రాంలోనో ఉంటారు. ఒడ్డు సిగ్నల్ పోవడం, షిప్ సిగ్నల్ రావడం మీ జేబులోనే జరిగిపోతాయి. క్యాబిన్ తాళం కార్డు చేతికి రాగానే ఫ్లైట్ మోడ్ అని మా గ్రూపులకు చెప్తాం. ఆ గుర్తు మర్చిపోరు.

షిప్ వైఫై వాడితే రోమింగ్ పడుతుందా?

పడదు. వైఫై డబ్బులు షిప్ కంపెనీకి వెళ్తాయి, మీ క్యాబిన్ ఖాతాలో రాస్తారు. రేటు ఎంతో ముందే తెలుస్తుంది కాబట్టి తర్వాత గుండె గుభేలుమనే పని లేదు. చవకేం కాదు, అది వేరే సంగతి. చాలా షిప్పుల్లో ఇంటి దగ్గరే ముందుగా కొంటే కాస్త తగ్గుతుంది.

ప్యాకేజీ ఎక్కువగా ఒక్కో ఫోన్‌కు ఇస్తారు. నలుగురున్న ఇంటికి నాలుగు కొననక్కర్లేదు. ఒకటి కొని, ఒకరు లాగౌట్ అయ్యాక ఇంకొకరు లాగిన్ అయితే చాలు. మా గ్రూపుల్లో సాయంత్రం టీ టైంలో అలా వంతులు వేసుకుంటారు.

వేగం సంగతి కూడా అడుగుతారు. ఇదివరకు వాట్సాప్ మెసేజ్ పోవడానికే ప్రాణం పోయేది. 2022లో రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ తన షిప్పులకు స్టార్‌లింక్ అనే శాటిలైట్ ఇంటర్నెట్ పెడుతున్నట్టు ప్రకటించింది. తర్వాత మరికొన్ని కంపెనీలూ అదే దారి పట్టాయి. ఆ శాటిలైట్లు దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి వీడియో కాల్ కూడా బాగానే వస్తుంది. అయితే తక్కువ రేటు ప్యాకేజీల్లో వీడియోలు, వీడియో కాల్స్ రాకుండా ఆపుతారు. కొనే ముందు చూసుకోండి.

వాట్సాప్ కాల్ మాట్లాడుకోవచ్చా? మరి వైఫై కాలింగ్?

రెండూ ఒకటి కాదు. వాట్సాప్ కాల్‌కు నెట్ ఉంటే చాలు, సిమ్‌తో పనిలేదు. ఫ్లైట్ మోడ్‌లో ఉంచి షిప్ వైఫై మీద మాట్లాడితే ఆపరేటర్ బిల్లు సున్నా. వైఫై కాలింగ్ మాత్రం మీ ఆపరేటర్ ఇచ్చే మామూలు కాలే, టవర్ బదులు వైఫై మీదుగా వెళ్తుంది. దేశం బయట దాన్ని అనుమతిస్తారా, డబ్బులు వేస్తారా అన్నది ఒక్కో ఆపరేటర్‌ది ఒక్కో పద్ధతి. అడిగి తెలుసుకోలేదంటే సెట్టింగ్స్‌లో ఆపేసి వెళ్ళండి.

వాట్సాప్‌లో ఇంకో చిన్న పని ఉంది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్ళి, రోమింగ్‌లో ఉన్నప్పుడు మీడియా ఏదీ డౌన్‌లోడ్ కాకుండా టిక్కులు తీసేయండి. ఫోటోల బ్యాకప్ ఆపడం, యాప్‌ల ఆటో అప్‌డేట్ ఆపడం కూడా ఇంట్లో ఉన్నప్పుడే చేసేయండి.

ఫ్లైట్ మోడ్‌లో ఉంటే ఓటీపీలు ఎలా వస్తాయి?

రావు. కాబట్టి ఓటీపీ అవసరం షిప్‌లో పడకుండా చూసుకోవాలి. షిప్‌లో కొన్నవన్నీ మీ క్యాబిన్ కార్డు మీద రాస్తారు. దానికి క్రెడిట్ కార్డును ఎక్కేటప్పుడే జత చేస్తారు, కొన్న ప్రతిసారీ ఓటీపీ అడగరు. కరెంటు బిల్లు, ఈఎమ్ఐ, పిల్లల ఫీజు గడువు ఆ రోజుల్లో ఉంటే ముందే కట్టేయండి. కార్డును విదేశాల్లో వాడే ఆప్షన్ బ్యాంకు యాప్‌లో ఇక్కడే ఆన్ చేసుకోండి.

తప్పనిసరైతే రేవులో దిగాక డేటా రోమింగ్ ఆపి ఉంచి, ఫ్లైట్ మోడ్ తీయండి. మన ఆపరేటర్ల దగ్గర రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ రావడానికి సాధారణంగా డబ్బులుండవు, పంపడానికి ఉంటాయి. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌ల నుంచి లాగౌట్ అవ్వద్దు, ఫోన్ మార్చవద్దు. మళ్ళీ మొదలుపెడితే యాప్ మీ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి నంబరు సరిచూసుకుంటుంది.

నాది ప్రీపెయిడ్. నాకేం భయం లేదు కదా?

భయం తక్కువే. బ్యాలెన్స్ అయిపోతే ఆగిపోతుంది, వేలల్లో బిల్లు రాదు. కానీ ఉన్న బ్యాలెన్స్ మాత్రం రెండు నిమిషాల్లో ఊడ్చుకుపోతుంది.

రేవులో దిగినప్పుడు?

ఆ దేశం ప్యాక్ ఉంటే హాయిగా వాడుకోండి. సింగపూర్ నుంచి బయల్దేరిన షిప్ పెనాంగ్, పోర్ట్ క్లాంగ్‌లో ఆగితే మలేషియా, పుకెట్‌లో ఆగితే థాయ్‌లాండ్. ప్యాక్ తీసుకునేటప్పుడు ఆగే దేశాలన్నీ అందులో ఉన్నాయా లేదా చూసుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ ఊరి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా దారి తెలుస్తుంది.

ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే వేసుకునే సిమ్, కొనేవాళ్ళకూ ఇదే మాట. అది నేల మీదికే. షిప్‌లో అది కూడా ఫ్లైట్ మోడ్‌లోకి పోవాల్సిందే.

రేవులో ఫోన్ టైం చూసుకుని షిప్‌కు తిరిగొస్తే సరిపోతుందా?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, నేనే చెప్తాను. రోమింగ్ బిల్లు కంటే పెద్ద దెబ్బ ఇక్కడ తగులుతుంది. పుకెట్ టైం సింగపూర్ కంటే గంట వెనక. షిప్ మాత్రం చాలాసార్లు సింగపూర్ టైం మీదే నడుస్తుంది. మీరు దిగి ఫ్లైట్ మోడ్ తీయగానే ఫోన్ థాయ్‌లాండ్ టైంకు మారిపోతుంది. షిప్ వాళ్ళు ఐదింటికల్లా ఎక్కమన్నారు. మీ ఫోన్‌లో నాలుగున్నర, ఇంకా అరగంట ఉంది కదా అని కొబ్బరి బోండాం తాగుతుంటారు. షిప్‌లో అప్పటికి ఐదున్నర. షిప్ ఎవరి కోసమూ ఆగదు. చేతికి మామూలు గడియారం పెట్టుకుని, దాన్ని షిప్ టైంకు తిప్పి ఉంచండి. మా గ్రూపుల్లో పెద్దవాళ్ళ చేతి గడియారాలకు మళ్ళీ విలువ వచ్చింది ఈ ఒక్క కారణంగానే.

విశాఖ, చెన్నై, ముంబై నుంచి వెళ్ళే మన దేశం క్రూజ్‌లకు కూడా ఇదంతా కావాలా?

2022 జూన్‌లో కార్డీలియా షిప్ విశాఖ వచ్చినప్పటి నుంచి ఇది అడుగుతున్నారు. కావాలండి. విశాఖలో ఎక్కి చెన్నైలో దిగినా, మధ్యలో ఉన్నది సముద్రమే. షిప్ సొంత నెట్‌వర్క్ ఆన్‌లో ఉండి, మీ ఫోన్ దానికి తగులుకుంటే అది రోమింగే అవుతుంది. రెండు చివర్లూ ఇండియాలో ఉన్నాయి కదా అన్న వాదన బిల్లు దగ్గర నడవదు. లక్షద్వీప్‌లో దిగితే మాత్రం మీరు ఇండియాలోనే ఉన్నట్టు, మామూలు ప్లానే. కొచ్చి నుంచి అక్కడికి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2024 జనవరిలో ప్రారంభమయ్యాక నెట్ కూడా మెరుగైంది.

పాపికొండల లాంచీకి కూడా ఫ్లైట్ మోడ్ పెట్టాలా అని ఒక పిల్లాడు అడిగాడు. అక్కడ కొండల మధ్యకు వెళ్ళగానే సిగ్నలే ఉండదు. భవానీ ద్వీపం బోటులో అయితే నీ ఇష్టం నాన్నా, ఎంతసేపైనా మాట్లాడుకో అన్నాను.

అమెరికాలో అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అలాస్కా క్రూజ్ బుక్ చేశాడు. అక్కడి సిమ్ అన్‌లిమిటెడ్ అంటున్నాడు.

అన్‌లిమిటెడ్ అమెరికా నేల మీద. సియాటిల్ నుంచి వెళ్ళే షిప్ కెచికాన్, జూనో ఊళ్ళలో ఆగితే అవి అమెరికాయే కాబట్టి ఆ సిమ్ పనిచేస్తుంది. దారిలో విక్టోరియాలో ఆగితే అది కెనడా, ప్లాన్‌లో కెనడా ఉందో లేదో చూసుకోవాలి. షిప్ కదిలాక మాత్రం అక్కడా ఇదే కథ. తేడా ఒక్కటే, అమ్మానాన్నల ఫోన్లు అబ్బాయి ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంటాయి కాబట్టి బిల్లు అతనికి వెళ్తుంది. అతను మీకు చెప్పడు కూడా. వెళ్ళే ముందు ఇండియా సిమ్‌కూ అమెరికా సిమ్‌కూ రెండిటికీ డేటా రోమింగ్ ఆగిందో లేదో విడివిడిగా చూడండి. రెండు సిమ్‌ల ఫోన్‌లో ఒకటి ఆపి రెండోది మర్చిపోవడం మామూలే.

ఫ్లైట్ మోడ్‌లో ఉంటే ఇంటి దగ్గర ఏదైనా అవసరం పడితే ఎలా? అదే టెన్షన్.

షిప్ పేరు, క్యాబిన్ నంబరు, షిప్ కంపెనీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. షిప్ వైఫై ఉంటే ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి వాట్సాప్ చూస్తానని చెప్పండి. షిప్‌లో మీకే ఒంట్లో బాగోకపోతే సెల్ అక్కర్లేదు, క్యాబిన్‌లో ఉన్న ఫోన్ ఎత్తితే చాలు, డాక్టరు షిప్‌లోనే ఉంటారు. ఒక షిప్‌లో ఉన్నవాళ్ళు ఒకరికొకరు మెసేజ్ పెట్టుకోవడానికి చాలా కంపెనీల యాప్‌లోనే చాట్ ఉంటుంది. కొన్ని ఉచితం, కొన్ని కాదు.

ఇంత చేసినా బిల్లు వస్తే?

ముందు వివరాల బిల్లు తీయించండి. తేదీ, టైం, నెట్‌వర్క్ పేరు చూడండి. ఆ టైంలో మీరు ఏ రేవులో ఉన్నారో షిప్ టికెట్‌తో సరిపోల్చండి. రేవులో ఉన్నప్పటి వాడకానికి షిప్ ఛార్జీ పడి ఉంటే గట్టిగా అడగొచ్చు. ఫిర్యాదు చేసి నంబరు రాసుకోండి, ఆ నంబరు లేకుండా తర్వాత ఎవరూ పట్టించుకోరు. తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, వాళ్ళకు రాయండి. అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్.

నా పద్నాలుగు వేల సంగతా? నిజంగానే వాడకం జరిగింది కాబట్టి వాదించడానికేం దొరకలేదు. మొదటిసారి కదా అని బతిమాలితే కొంత తగ్గించారు. అడిగితే పోయేదేముంది, అడగండి.

ఇంకోటి. రోమింగ్ లెక్కలు అక్కడి కంపెనీ నుంచి ఇక్కడికి ఆలస్యంగా చేరతాయి. వచ్చిన నెల బిల్లు మామూలుగా ఉందని ఊపిరి పీల్చుకోకండి, తర్వాతి నెల బిల్లు కూడా చూడండి.